చెల్లెమ్మ విన్న సైరను

రెండో స్టూడియో,
జూన్ 8, ఆదివారం మధ్యాహ్నం.

బావకి,

నీ బావ నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ మేమంతా ఉన్నాం, అక్కడ నువ్వు ఉన్నావని తలుస్తాను. క్షేమమా అని అడిగే ముఖం నాకు లేదు గనక ఆ మాట వదిలేసి, మిగతా మర్యాదలన్నీ జరిగిపోయినట్టే అనుకుని విషయంలోకి వస్తాను.

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జనవరిలో ఒకటి, మార్చిలో ఒకటి. దేనికీ జవాబు రాయలేదు. నువ్వేమనుకుని ఉంటావో ఊహించగలను. ఊరంతా మా చెల్లెల్ని వేలెత్తి చూపిస్తుంటే వీడూ ముఖం చాటేశాడు, ముప్ఫై ఏళ్ళ స్నేహం ఇంతేనన్నమాట అనుకుని ఉంటావు. అది కాదు బావా. రెండు ఉత్తరాల్లోనూ నువ్వు ఒకటే ప్రశ్న అడిగావు. దానికి జవాబు చెప్పడం చేతకాక ఊరుకున్నాను. ఇప్పుడైనా చేతనవుతుందో లేదో తెలీదు, కలం పట్టుకుని కూర్చున్నాను అంతే.

ఫోను చేద్దామని నాలుగైదు సార్లు తీశాను. పక్క మైకులో ముప్ఫై ఏళ్ళు విన్న గొంతు కదా, హలో అనగానే నువ్వు పట్టేస్తావని పెట్టేశాను. ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తాను. ఆ బస్సు వస్తున్నట్టు మైకులో చెప్పేది నువ్వేనట. రేడియోలో కోతల బాబాయి వేషం వేసి నవ్వించినవాడేమిటి, బస్టాండులో ప్లాట్‌ఫారం నంబర్లు చదవడమేమిటి! మొన్న అటు వెళ్ళొచ్చిన మన ఎనౌన్సరమ్మ చెప్పింది. నువ్వు బస్సు వచ్చిందంటే ఎవరూ నమ్మరట, మళ్ళీ ఏదో కోత కోస్తున్నాడని నవ్వుకుంటూ బెంచీల మీదే కూర్చుంటారట. నిజమేనా?

ముందు ఇక్కడి కబుర్లు. నువ్వు వెళ్ళాక స్టేషను గుర్తుపట్టలేనంత మారింది. నాటకాలు ఇప్పుడు పది నిమిషాలే. జనం చెవుల్లో పెట్టుకుని నడుస్తూ వింటారట, అందుకని పాత్రలు గుసగుసలాడితే చాలు, ఊపిరి తీసుకున్నది కూడా వినబడాలి. మన కాలంలో ఊపిరి వినబడితే ఆయాసమా అని తిట్టేవాళ్ళు. కథ చెప్పే గొంతు తీసేశారు. ఎవరు ఎక్కడున్నారో శ్రోతే తెలుసుకోవాలట. ఒక ఆసుపత్రిలో వరండా బెంచీ మీద ఎనిమిది గంటలు మైకు పెట్టి, దాన్ని అరగంట చేసి వేశారు. ఒక్క నటుడు లేడు, ఒక్క డైలాగు లేదు, విని నా ఇల్లాలు, అదే మీ అక్క, ఏడ్చింది. హాస్యమైతే కాఫీ హోటల్లో జనం ముందే రికార్డు చేస్తున్నారు. డబ్బాలోంచి నవ్వు తీసి పొయ్యక్కర్లేదు, జోకు పేలకపోతే గరిటెల చప్పుడు వినబడుతుంది. డైరెక్టరు గారు మొన్న నన్ను పిలిచి, మీ బావని రప్పించండి, ఆ గరిటెల్ని ఆపగలిగేది ఆయనొక్కడే అన్నారు. ఆ మాట నీ చెవిన వెయ్యమన్నారు, వేశాను.

ఇక నా సంగతంటావా, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నాటకాలకి నేను చప్పుళ్ళు తీసే మన ఏడు గడియల తలుపు గుర్తుందా? రాజు కోట తలుపూ అదే, దొంగ దూరే పెరటి తలుపూ అదే. ఇప్పుడు దాని దగ్గరికి ఎవరూ రారు. తలుపు చప్పుడు కావాలంటే నిజం తలుపు దగ్గరికి వెళ్ళి తీసుకొస్తారు. వాన కావాలంటే వాన పడేదాకా ఆగుతారు! చేటలో బఠాణీలు దొర్లిస్తే నిమిషంలో కుంభవృష్టి కురిపించే వాణ్ణి నేనిక్కడ ఉండగా! గొడుగు టపటపా మూసి తెరిచి వంద పావురాల్ని ఎగరేసిన చేతులివి. ఇప్పుడవి ఊరికే ఒళ్ళో పడి ఉంటున్నాయి.

ఆనకట్ట ప్రమాదం గురించి కార్యక్రమం చేసిన డాక్యుమెంటరీ అమ్మాయి కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి చప్పుడుకీ ఒక చీటీ రాయాలి. ఎక్కడిది, ఏ రోజుది, ఎవరు తీశారు, అసలుదా చేసినదా. చీటీలు అంటించడానికి ఇదేమన్నా మందుల కొట్టా అమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఇకముందు ఇలాగే అండీ అని ఊరుకుంది.

నా ఆరోగ్యం పరవాలేదు. కుడి భుజమే మొరాయిస్తోంది. కిందటి వానాకాలం నుంచీ అంతే, చెయ్యి పైకెత్తి తిప్పితే ఒకచోట పట్టేస్తుంది, క్షణం ఆగి మళ్ళీ కదులుతుంది. మీ అక్క నూనె రాస్తూ, చప్పుళ్ళు చేసీ చేసీ చివరికి నీ కీళ్ళే చప్పుడు చేస్తున్నాయి అంటుంది.

ఇంతవరకూ డొంకతిరుగుడుగా వచ్చాను. ఇక చెల్లెమ్మ గురించి రాయాలి. నిన్ను బావా అని, నీ చెల్లెల్ని చెల్లెమ్మా అని పిలుస్తానేమిటి, వరసలు కలవవని మీ అక్క ఎప్పుడూ వెక్కిరించేది. వరస కలవకపోయినా ఆ పిల్ల నా చేతుల మీద పెరిగింది. స్కూలు వదలగానే వచ్చి ఇదే స్టూడియోలో, కంకర పోసిన ట్రే మీద నడుస్తూ సైనికుల కవాతు చేసేది.

జరిగింది నాకంటే నీకే బాగా తెలుసు. అయినా ఒకసారి వరసగా రాసుకుంటేనే నాకు ధైర్యం వచ్చేలా ఉంది. సెప్టెంబరులో ఆ రోజు ఆమె తన లాండ్రీలో పనిచేసే అయిదుగురు అమ్మాయిల్ని వెంటబెట్టుకుని, కల్యాణమంటపం తివాచీలు ఉతకడానికి ఆనకట్ట దిగువ రాళ్ళ మీదికి వెళ్ళింది. పైన గేట్లు ఎత్తారు. నీళ్ళు వచ్చాయి. ముగ్గుర్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది. ఇద్దరు దొరకలేదు. ఆసుపత్రిలో మంచం మీద మొట్టమొదట పోలీసులకి ఆమె చెప్పింది, సైరను మోగలేదని. తొమ్మిది రోజుల తర్వాత రేడియోలో మన డాక్యుమెంటరీ వచ్చింది. అందులో గేటు ఆపరేటరు మోగించానన్నాడు. ఆ తర్వాత కమిటీ వచ్చి విచారిస్తే ఒడ్డునున్న పేటలో పదముగ్గురు మేమూ విన్నామన్నారు. సైరను మోగింది, యజమానురాలు లక్ష్యపెట్టలేదు, ఇద్దరి ప్రాణాలు తీసింది. ఊళ్ళో ఇప్పుడు ఇదే మాట. ఆ పిల్లల తల్లులు ఆమె ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతున్నారు.

ఏప్రిల్లో నువ్వు వచ్చి ఆమెని ఒక మాట అన్నావట. విని కూడా ఎందుకు లేవలేదే అని. ఆ తర్వాత మీ ఇద్దరికీ మాటల్లేవట. ఇది చెల్లెమ్మ చెప్పలేదు, వాళ్ళాయన చెప్పాడు.

మొన్న శుక్రవారం ఆమె స్టేషనుకి వచ్చింది. ఎంత చిక్కిపోయిందో చూస్తే నీకే భయమేస్తుంది. ఆ కార్యక్రమం ఒకసారి వినిపించు అన్నయ్యా అంది. ఎందుకమ్మా అంటే, గురువారం కమిటీ ముందు సంతకం పెట్టాలి, సరిగ్గా గుర్తు చేసుకుని పెడతాను అంది. వినే గదిలో కూర్చోబెట్టాను. ఆపరేటరు గొంతు వచ్చింది, వెనకే సైరను వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. చీర కొంగు పిడికిట్లో నలిగిపోతోంది.

అయిపోయాక మెల్లగా చెప్పింది. ఇదే అన్నయ్యా, ఇదే విన్నాను. మొదట్లో వినలేదని ఎందుకు చెప్పానో నాకే తెలీదు, భయపడి ఉంటాను. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. పైకి లేచింది, మధ్యలో ఎక్కిలి పడ్డట్టు ఒక్కసారి ఆగింది, మళ్ళీ లేచింది. ఆగినప్పుడు నేను ఆగిపోయిందే అనుకున్నాను, ఈ ఒక్క తివాచీ పిండేసి పోదాం ఆగండే అన్నాను. ఆ మాట అనకపోతే ఇద్దరూ బతికుండేవాళ్ళు. ఇదంతా ఒక్క కన్నీటి చుక్క లేకుండా చెప్పింది. గురువారం ఇదే రాసి సంతకం పెడుతుందట. కేసు అవుతుంది, జైలు కూడా పడొచ్చని లాయరు అన్నాడట. పడనీ అంది.

నేనేం అన్నానో తెలుసా? టీ తాగుతావా అమ్మా అన్నాను.

అప్పట్నించి నాకు తిండి సహించడం లేదు. బావా, కోపాలు తర్వాత చూసుకోవచ్చు. గురువారం పొద్దున పదిన్నరకి కమిటీ కూర్చుంటుంది, పాత మునిసిపలు హాలులో, మేడ మీద గదిలో. నువ్వు సెలవు పెట్టి రా. వచ్చి ఆమె పక్కన కూర్చో. ఏమీ మాట్లాడకపోయినా సరే. మిగతా విషయాలు నువ్వొచ్చాక ముఖాముఖీ చెప్పుకుందాం. మీ అక్క నిన్ను మరీ మరీ అడిగానని రాయమంది.

ఇట్లు,
నీ బావ,
చప్పుళ్ళు

తా.క. కవరు అంటించి బస్సు దాకా వెళ్ళి, చింపి మళ్ళీ కూర్చున్నాను. ముఖాముఖీ చెబుతానని రాశాను చూశావూ, అది కూడా తప్పించుకునే ఎత్తే. నీ ముఖం చూస్తే చెప్పలేను. నీ ప్రశ్నకి జవాబు ఇప్పుడే, ఇక్కడే రాస్తాను.

నువ్వు అడిగింది ఇది. డాక్యుమెంటరీకి చప్పుళ్ళు నువ్వే కదా చేసింది, ఆ సైరను దిగువ రాళ్ళ దాకా అంత గట్టిగా వినబడుతుందా, నువ్వు అవునంటే నేను నమ్ముతాను అన్నావు.

నాకు తెలీదు బావా. ఆ సైరను నేను రికార్డు చెయ్యలేదు. అప్పటికి ఆనకట్ట మీద అడుగైనా పెట్టలేదు. కార్యక్రమంలో మోగింది మన యుద్ధం నాటకంలోది, చేత్తో తిప్పే సైరను, నువ్వు దాని కిందే దూరి సిపాయిలా చచ్చిపోయేవాడివి, అదే. ఆ అమ్మాయి తెచ్చిన టేపులో ఆపరేటరు మోగించాను అన్నాక ఖాళీ ఉంది. మన సంగతి నీకు తెలుసుగా. స్క్రిప్టులో గుర్రం అని ఉంటే డెక్కల చప్పుడుకి చెయ్యి కొబ్బరి చిప్పల మీదికి పోతుంది. మోగించాను అన్న మాట వినగానే నా చెయ్యి అటక మీదికి పోయింది. ఎవరూ అడగలేదు. మైకు పెట్టి తిప్పాను. మూడో చుట్టులో భుజం పట్టేసింది. సైరను ఎక్కిలి పడ్డట్టు ఆగింది, భుజం వదిలాక మళ్ళీ లేచింది. రెండోసారి తీద్దామనుకున్నాను. విని చూస్తే ఆ ఎక్కిలే బాగుంది, అచ్చం నిజందిలా ఉంది. ఉంచేశాను. ఇది ఆనకట్ట సైరనేనా అని ఆ అమ్మాయి అడిగితే, అదే అమ్మా అన్నాను. మన తలుపుని కోట తలుపే అన్నట్టు, అలవాటుగా అనేశాను.

ఆపరేటరు మోగించానంటున్నాడు కదా, నాది దాని బదులు మోగింది, ఇందులో తప్పేముంది అని చాలా రోజులు అనుకున్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజుతో ఆ సాకు చెల్లిపోయింది. కానీ ఆ కార్యక్రమానికి షీల్డు వచ్చింది. డైరెక్టరు గారు దాన్ని నా చేతికే ఇచ్చి ఫొటో తీయించారు. రెండేళ్ళలో రిటైరవుతాను, ముప్ఫై ఏళ్ళ పేరు పోతుందని భయపడ్డాను. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నీ రెండో ఉత్తరంలో చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు. నువ్వు రాయకపోతే, మా చెల్లెలు విన్నదనే అనుకుంటాను అని. నేను రాయలేదు. నువ్వు ఏప్రిల్లో వెళ్ళి ఆమెని ఆ మాట అన్నావు. అది నీ మాట కాదు బావా, నాది.

చెల్లెమ్మ ఆ ఎక్కిలి గురించి చెప్పాక కూడా నేను నోరు విప్పలేదు. మర్నాడు, అంటే నిన్న పొద్దున, మాత్రం రికార్డరు పట్టుకుని ఆనకట్టకి పోయాను. స్టోరుకీపరు పాత సైరను చూపించాడు. ప్రమాదం జరిగిన వారానికే కొత్తది బిగించి దీన్ని మూలన పారేశారు. అది లారీ హారను లాంటిది. బాగున్నప్పుడైనా బొయ్ బొయ్ మని మొరగడమే గాని, పైకి లేచి కూయడం దానికి రాదు. పైగా వానాకాలానికి ముందే వైరు కాలిపోయిందట, బాగుచెయ్యమని పైవాళ్ళకి కాయితం కూడా పెట్టారట, ఎవరూ చూడలేదట. ఆపరేటరు కూర్చునేది మిషన్ల హోరులో, నాలుగు గోడల మధ్య. మీట నొక్కాడు. మోగిందనుకున్నాడు. ఆ మనిషి తన సైరను చప్పుడు ఒక్కసారైనా విని ఎరగడు.

ఆ రోజు అక్కడ ఏ సైరనూ లేదు. చెల్లెమ్మ ఆసుపత్రి మంచం మీద చెప్పిందే నిజం. ఆ తర్వాత ఆమెకి గుర్తొచ్చిందంతా నా భుజం నొప్పి. ఒక్క తివాచీ పిండి పోదాం ఆగండే అని ఆమె ఎప్పుడూ అనలేదు, అనడానికి అక్కడ ఏ చప్పుడూ ఆగలేదు.

అక్కణ్ణించి తిన్నగా స్టేషనుకి వచ్చి డాక్యుమెంటరీ అమ్మాయికి అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. కమిటీ తీసుకున్న వాంగ్మూలాల నకళ్ళు తీసి చదివింది. పదముగ్గురిలో ఏడుగురు, సైరను ఆగి మళ్ళీ లేచిందనే చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, రేడియో విన్నారు. ఆ పిల్ల ఒక చీటీ తీసి, చేసినది, రెండో స్టూడియో అని రాసి, నా ముందు పెట్టి కలం ఇచ్చింది. సంతకం పెట్టాను. దాన్ని ఒక ఉత్తరానికి జతచేసి కమిటీ అధికారికి నిన్ననే పంపించింది. వచ్చే ఆదివారం అదే వేళకి, అదే మైకులో, ఈ సంగతి నా గొంతుతో నేనే చెప్పాలంది. సరేనన్నాను. షీల్డు డైరెక్టరు గారి బల్ల మీద పెట్టేసి వచ్చాను.

ఇవాళ పొద్దున చెల్లెమ్మ దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. బావా, ఆమె నమ్మలేదు. నా తల నిమిరింది! నా మీద ప్రేమకొద్దీ నీ మీద వేసుకుంటున్నావు అన్నయ్యా, నేను విన్నాను, నా చెవులతో విన్నాను అంది. స్టేషనుకి రా, తిప్పి వినిపిస్తానంటే రెండు చెవులూ మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను నిజం చెప్పినా కోతల్లా వినబడుతోంది. నీ బస్సుల గతే నాకూ పట్టింది.

అధికారితో మాట్లాడాను. గురువారం మన నాటకం సైరను హాలుకి తెస్తాను. ఆమె సంతకం పెట్టక ముందు, అందరి ఎదుటా, ఇదే చేత్తో తిప్పుతాను. భుజానికి మందు మానేశాను, నూనె రాయనివ్వడం లేదని మీ అక్క పోట్లాడుతోంది. అది పట్టేసిన చోటే పట్టెయ్యాలి. సైరను ఎక్కిలి పడి మళ్ళీ లేచినప్పుడు ఆమె కళ్ళు తెరుస్తుంది. తెరిచి మొదట నన్ను చూడదు, చూడక్కర్లేదు కూడా. నీ కోసం వెతుకుతుంది. పదిన్నరకి. మేడ మీద గది. ముందు వరసలో కూర్చో బావా.